లారీ ఇంజన్ సామాను: ముందు కొలత, తర్వాతే కొనుగోలు

ఇంజన్ విప్పగానే సామాను కొనడానికి ఆటోనగర్‌కో రాణిగంజ్‌కో పరుగెత్తకండి. ముందు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేత్ షాపుకు వెళ్లాలి. ఒక్కో జర్నల్‌ను (క్రాంకు మీద బేరింగు కూర్చునే గుండ్రటి భాగం) రెండు దిక్కుల్లో మైక్రోమీటర్‌తో కొలిచి, గుండ్రం ఎంత తప్పిందో చూసి, గ్రైండింగ్ 0.25 మి.మీ.నా 0.50నా తేలాకే ఆ అండర్‌సైజు (అరగదీసిన జర్నల్‌కు సరిపోయే) బేరింగులు కొనాలి. ముందే స్టాండర్డ్ సైజువి తెచ్చారా, అవి షెల్ఫులోనే.

వెట్ లైనరైతే (బయటి వైపు కూలెంట్ నేరుగా తగిలే సిలిండర్ గొట్టం) లైనర్, పిస్టన్, పిన్ను, రింగులు ఒకే కంపెనీ సెట్టు తీసుకోండి. రింగును లైనర్‌లో పెట్టి, పిస్టన్‌ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, ఫీలర్ గేజ్‌తో కొసల సందు చూడండి. అసలు లెక్క మాన్యువల్‌దే. సందు తక్కువైతే వేడికి కొసలు ఢీకొని లైనర్‌ను గీసేస్తాయి.

లైనర్ కింది ఓ-రింగులు పాతవే వేస్తే కూలెంట్ సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగి ఆయిల్ పాల టీలా మారుతుంది. పది రూపాయల పొదుపుకు క్రాంకు బలి! కనెక్టింగ్ రాడ్ బోల్టులూ కొత్తవే.