లైక్‌లో హోస్ట్ వేరియబుల్ వాడటం: % ఎక్కడ పెట్టాలి, స్పేస్‌లతో ఏం చేయాలి

ఎస్‌క్యూఎల్‌లో లైక్ అనేది విలువను ఒక నమూనాతో (ప్యాట్రన్‌తో) పోల్చి వెతుకుతుంది, అందులో % అంటే ఎన్ని అక్షరాలైనా, ఏవైనా. క్వెరీలో వాడే ప్రోగ్రామ్ వేరియబులే హోస్ట్ వేరియబుల్, దాని పేరుకు ముందు : పెడతారు. కోబాల్ ప్రోగ్రామ్‌లో డీబీ2 (ఐబీఎం డేటాబేస్) క్వెరీ రాస్తూ కొందరు లైక్ '%:కోడ్%' అని పెట్టేస్తారు. కొటేషన్ల మధ్య ఉన్నది వేరియబుల్ కాదు, ఉత్త అక్షరాలు. ఎర్రరేమీ రాదు, రో దొరకలేదంటూ ఎస్‌క్యూఎల్‌కోడ్ 100 వస్తుంది, అంతే. % గుర్తును వేరియబుల్ విలువలోనే పెట్టి, స్టేట్‌మెంట్‌లో కొటేషన్లు లేకుండా లైక్ :ప్యాట్రన్ అని రాయాలి.

అసలు తంటా ఆ తర్వాతే. ప్యాట్రన్‌ను పిక్ ఎక్స్(10)గా, అంటే 10 అక్షరాల స్థిర పొడవుతో డిక్లేర్ చేసి '12%' మూవ్ చేస్తే మిగిలిన 7 స్థానాల్లో స్పేస్‌లు నిండుతాయి. = తో పోల్చేటప్పుడు చివరి స్పేస్‌లు అడ్డురావు గానీ, లైక్ వాటినీ ప్యాట్రన్‌లో భాగంగానే చూస్తుంది. అంటే 12తో మొదలై 7 స్పేస్‌లతో ముగిసే విలువలు కావాలని అడిగినట్టు. కాలమ్ చార్(10) అయితే (అదీ స్థిర పొడవే, చివర స్పేస్‌లతో నిండుతుంది) '12', '123' దొరుకుతాయి, '12345' దొరకదు. పొట్టి కోడ్‌లతోనే టెస్ట్ చేస్తే ఈ తప్పు ప్రొడక్షన్ దాకా వెళ్లిపోతుంది.

సులువైన విరుగుడు: ముందు మూవ్ ఆల్ '%' టు ప్యాట్రన్, తర్వాత స్ట్రింగ్ '12' డిలిమిటెడ్ బై సైజ్ ఇన్‌టు ప్యాట్రన్. స్ట్రింగ్ తాను రాసిన చోటు తప్ప మిగతాది ముట్టుకోదు కాబట్టి వెనక % లు అలాగే ఉంటాయి. వరసగా ఎన్ని % లు ఉన్నా ఒకదానితో సమానమే. స్క్రీన్ నుంచి వచ్చిన ఫీల్డ్‌ను డిలిమిటెడ్ బై స్పేస్ అంటే మొదటి ఖాళీ దగ్గరే తెగిపోతుంది. రెండు మాటల పేర్లుంటే రెండు స్పేస్‌లను డిలిమిటర్‌గా ఇవ్వండి. ఇంకా శుభ్రమైన దారి, లెవెల్ 49 ఫీల్డ్‌లు రెండింటితో (ఒకటి పొడవుకు, ఒకటి విలువకు) వార్‌చార్, అంటే పొడవు మారే వేరియబుల్ కట్టి, పొడవు ఫీల్డ్‌లో అసలు పొడవు వేయడం. '12%'కి అది 3.

'%12' లాంటి చివరి వెతుకులాటకైతే స్పేస్‌లు కాలమ్ వైపు నుంచి అడ్డొస్తాయి. చార్ కాలమ్‌ను చివరి స్పేస్‌లు తీసేసే ఆర్‌ట్రిమ్‌లో పెట్టక తప్పదు. ప్యాట్రన్ మొదట్లోనే % ఉంటే ఇండెక్స్‌లో నేరుగా ఆ చోటికి వెళ్లే వీలెలాగూ ఉండదు.

యూజర్ టైప్ చేసిన దాంట్లోనే % గానీ _ గానీ (లైక్‌లో _ అంటే ఏదైనా ఒక్క అక్షరం) ఉంటే? లైక్ :ప్యాట్రన్ ఎస్కేప్ '!' అని రాసి (అప్పుడు ! తర్వాతి గుర్తు మామూలు అక్షరమే అవుతుంది), విలువలో ముందుగా ! ను !! గా, ఆపైన % ను !% గా, _ ను !_ గా మార్చండి. వరస తిరగేస్తే మీరు చేర్చిన ! లే మళ్లీ రెట్టింపవుతాయి. 10 అక్షరాల ఇన్‌పుట్ ఇలా 20 దాకా పెరగొచ్చు, అటూ ఇటూ % తో 22. ప్యాట్రన్ వేరియబుల్‌కు ఆ పొడవు ఇవ్వండి.