బడ్జెట్ సంస్కరణ కోసం శాసనసభకు పోటీ చేయదలచిన ఉపాధ్యాయులు నామినేషన్ వేసే విధానం

రాష్ట్ర బడ్జెట్‌లో కేటాయింపుల తీరు మారాలన్న పట్టుదలతో ఎన్నికల్లో నిలబడదలచిన ఉపాధ్యాయులు, ఏ సభకు పోటీ చేయాలన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలోని 58 స్థానాల్లో 5, తెలంగాణ మండలిలోని 40 స్థానాల్లో 3 ఉపాధ్యాయ నియోజకవర్గాలకు చెందినవి కావడంతో చాలామంది చూపు సహజంగానే అటు పోతుంది. అయితే మండలిలో బడ్జెట్‌పై చర్చించవచ్చునే గాని, శాఖలవారీ పద్దులపై, అంటే ఏ శాఖకు ఎంత ఖర్చన్న ప్రతిపాదనలపై, ఓటు వేసే అధికారం రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం శాసనసభకే ఉంది. ద్రవ్య బిల్లును మండలి తిరస్కరించలేదు, 14 రోజులకు మించి ఆపనూ లేదు. సర్వీసు సమస్యలు వినిపించడానికి మండలి మంచి వేదికే కావచ్చు గాని, పద్దులనే మార్చాలనుకునేవారు శాసనసభకు పోటీ చేయడమే సబబు. అందువల్ల కింది వివరాలు శాసనసభకు, అందులోనూ స్వతంత్ర అభ్యర్థులకు సంబంధించినవి.

అభ్యర్థికి 25 ఏళ్లు నిండి ఉండాలి. రాష్ట్రంలోని ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ప్రభుత్వోపాధ్యాయులకు చిక్కు వచ్చేది ఆ తర్వాతే. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు 191వ అధికరణం ప్రకారం అనర్హులు కనుక, సెలవు పెట్టి పోటీ చేద్దామంటే కుదరదు. రాజీనామా పత్రం ఇచ్చినంత మాత్రాన కూడా సరిపోదు. దాన్ని ఆమోదిస్తూ జారీ అయిన ఉత్తర్వు నామినేషన్ల పరిశీలన తేదీ నాటికి చేతిలో ఉండాలి. దస్త్రం ఎన్ని బల్లలు దాటి వస్తుందో ఉద్యోగం చేసినవారికి తెలియనిది కాదు గనుక, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా చాలా ముందుగానే రాజీనామా సమర్పించడం క్షేమం.

నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఏడో రోజు నామినేషన్లకు గడువు ముగుస్తుంది. ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం వరకు గడువు ఉంటుంది. ఉదయం 11 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు రిటర్నింగ్ అధికారి లేదా ఆయన తరఫున నియమితులైన సహాయ అధికారి ఫారం 2బిలో పత్రాలు స్వీకరిస్తారు. ఒక నియోజకవర్గంలో ఒక్కో అభ్యర్థి నాలుగు సెట్ల వరకు దాఖలు చేయవచ్చు. స్వతంత్ర అభ్యర్థిని అదే నియోజకవర్గానికి చెందిన పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి. ప్రతిపాదకుల పేర్ల పక్కన ఓటర్ల జాబితాలోని భాగం సంఖ్య, వరుస సంఖ్య రాయవలసి ఉంటుంది. పాత జాబితా చూసి రాస్తే ఈ సంఖ్యలు తారుమారవుతాయి కనుక, తాజా జాబితాను ముందుంచుకుని ఒక్కొక్కరి వివరాలు సరిచూసుకోవాలి. అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే, అక్కడి జాబితాలో తన పేరున్న భాగానికి ధ్రువీకరించిన ప్రతిని జతచేయాలి. ధరావతు (డిపాజిట్) రూ. 10,000; ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు రూ. 5,000. దీన్ని నగదుగా గాని, ఖజానా చలానా ద్వారా గాని చెల్లించాలి, చెక్కు చెల్లదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఫారం 26 ప్రమాణపత్రం మీద. తనపై ఉన్న కేసులు, తన పేరనా జీవిత భాగస్వామి, ఆధారపడినవారి పేరనా ఉన్న ఆస్తులు, అప్పులు, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు, విద్యార్హతలు ఇందులో చూపాలి. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. గీత గీసి ఊరుకోకుండా, వివరం లేనిచోట ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో అక్షరాల్లో రాయాలి. ఖాళీలున్న ప్రమాణపత్రాన్ని, నోటీసు ఇచ్చిన తర్వాత కూడా పూరించకపోతే, రిటర్నింగ్ అధికారి తిరస్కరించవచ్చునని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. పిల్లల జవాబుపత్రాల్లో వదిలేసిన ప్రశ్నలకు సున్నా వేసిన చేతికి ఈ నిబంధన కొత్తగా తోచకపోవచ్చు. చిత్రమేమిటంటే, రాష్ట్ర ఖాతాలను సరిచేస్తానని వచ్చిన అభ్యర్థి తన ఆలోచనను చెప్పుకోవడానికి ఈ పత్రాల్లో ఒక్క వరస కూడా ఉండదు. ఆయన సొంత ఖాతాల లెక్క మాత్రం రూపాయితో సహా అడుగుతారు.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుల కోసమే ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. నామినేషన్ వేశాక రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. దీన్ని పరిశీలన తేదీకి ముందే పూర్తిచేయాలి. గడువు ముగిసిన మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు. స్వతంత్ర అభ్యర్థులకు గుర్తు కేటాయించేది ఉపసంహరణ ముగిశాకే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి రూ. 40 లక్షలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాని అభ్యర్థి ధరావతు పోతుంది. గెలిచినా ఓడినా ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క అందజేయాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివారిని ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హులుగా ప్రకటించవచ్చు.