చెక్క ఫ్లోరు లేచిందా? రేకుల వైపు కాదు, ముందు కిందికి చూడండి

పూర్వ విద్యార్థుల చందాలతో బాగుచేసిన ఇండోర్ స్టేడియాల నుంచి నాకు ఫోన్లు రెండు కాలాల్లో వస్తాయి. ఒకటి ప్రారంభోత్సవానికి నెల ముందు, డబ్బు చాలడం లేదని. రెండోది ప్రారంభోత్సవం తర్వాత మొదటి వానాకాలం చివర్లో, "ఏమండీ, ఫ్లోరు లేచిపోయిందండీ" అని. మొదటిది కాగితాలతో తీరుతుంది. రెండోదానికి నేను వెళ్లేసరికే అక్కడ ఓ పెద్ద తప్పు, దాన్ని సరిదిద్దబోయి చేసిన ఇంకో తప్పు తయారుగా ఉంటాయి.

టెండరు ఎలా పిలవాలో, కాంట్రాక్టరుతో ఎలా మాట్లాడాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేరుగా లక్షణాల్లోకి వెళదాం.

లక్షణం: ఇస్తామన్న డబ్బు, చేతికొచ్చిన డబ్బు కలవడం లేదు

ముందు ఎస్టిమేట్ తీసి అందులో జీఎస్టీ ఉందో లేదో చూడండి. నవ్వకండి, సగం చోట్ల ఉండదు. వర్క్స్ కాంట్రాక్టు మీద 18 శాతం అంటే కోటి రూపాయల పనికి 18 లక్షలు. రజతోత్సవ వేదిక మీద "కోటి రూపాయలు" అని చప్పట్లు కొట్టించుకున్నాక, ఆ పద్దెనిమిది ఎవరిస్తారని అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఎస్టిమేట్ మొదటి పేజీలోనే రాసేయండి.

తర్వాత మాటిచ్చిన వాళ్ల జాబితా, డబ్బు పంపిన వాళ్ల జాబితా పక్కపక్కన పెట్టండి. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టినంత మాత్రాన అది చందా కాదు. బ్యాంకులో పడిన డబ్బుకే పని ఆర్డరు ఇవ్వండి.

మూడోది విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు. అమెరికాలో ఉన్న మన క్లాస్‌మేటు ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే మాత్రం, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం లెక్కలో అతను విదేశీ దాతే. మీ సంఘానికి ఆ రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకపోతే ఆ డబ్బు తీసుకోకూడదు. ఉన్నా అది పడాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే. "రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో ట్రస్టు తీసుకుని మాకు బదిలీ చేస్తుంది" అనే పాత దారి 2020 సవరణతో మూసుకుపోయింది. కాబట్టి ప్రతి దాత దగ్గరా పాస్‌పోర్టు కాపీ తీసుకోండి. రంగు చూసి ఊరుకోవద్దు, అమెరికా పాస్‌పోర్టూ నీలమే. మిగతాది ఆడిటరు చూసుకుంటారు.

లక్షణం: చెక్క ఫ్లోరు అంచులు లేచాయి, నడిస్తే అలల్లా తగులుతోంది

ఈ ముక్క రాయడమే దీనికోసం.

పలకల అంచులు పైకి లేచి నడుమ పల్లంగా ఉంటే అర్థం ఒక్కటే: పలక పైభాగం కంటే అడుగుభాగం ఎక్కువ తడిగా ఉంది. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. అడుగు ఉబ్బి పై పొర ఉబ్బకపోతే అంచులు లేస్తాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలిసి కూడా మొదట రేకుల మీదికి మనిషిని ఎక్కిస్తారు.

నేనూ ఎక్కించాను. చాలా ఏళ్ల కిందట, నల్లరేగడి నేలలో కట్టిన ఓ కాలేజీ స్టేడియం. ఒక బ్యాచ్ వాళ్లు ఫ్లోరుకి డబ్బిచ్చారు. జూలైలో వేశాం. అక్టోబరు వానలకి తూర్పు గోడ పక్క పలకలు లేచాయి. రేకులు కారుతున్నాయనుకుని, ఇంకో దాత కాళ్లావేళ్లా పడి రేకులు మార్పించాం. డిసెంబరులో లేచిన అంచుల్ని మెషిన్ పెట్టి గీకించి చదును చేయించాను. ఫ్లోరు అద్దంలా వచ్చింది. ఫొటోలు దిగాం. ఏప్రిల్‌కి పలకలు ఆరాయి. ముందే అంచులు గీకేశాం కదా, ఇప్పుడు అంచులు పల్లమై నడుములు ఎత్తయ్యాయి. వాలీబాల్ పిల్లలు కాలు మెలిపడి పడ్డారు. మళ్లీ అక్టోబరు వచ్చింది, కొత్త రేకుల కింద, అదే తూర్పు గోడ పక్క, అవే పలకలు లేచాయి.

అప్పుడు పక్కన నిలబడ్డ మేస్త్రీ అన్నాడు, "సారూ, ఇది పైనుంచి కారట్లేదు, కిందనుంచి ఊరుతోంది." ఒక పలక ఊడదీశాం. అడుగు నల్లగా బూజు పట్టి ఉంది. శ్లాబు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

బయటికి వెళ్లి చూస్తే అసలు దొంగ దొరికాడు. తూర్పు గోడ వెంట ఇంకో బ్యాచ్ వాళ్లు ముచ్చటగా పేవర్ టైల్స్ బాట వేయించారు, పక్కన పూలమడి పెట్టించారు. పాత మట్టి తియ్యకుండా దానిమీదే వేశారు. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి ఇంటి గడపని గోతిలోకి దించినట్టే, బాట ఎత్తు లోపలి శ్లాబుకంటే నాలుగంగుళాలు పైకొచ్చింది. రేకుల నీళ్లన్నీ ఆ బాట మీద పడి గోడవైపే వాలుతున్నాయి. పూలమడికి రోజూ గొట్టంతో నీళ్లు. నల్లరేగడి ఒకసారి తాగిన నీళ్లు అంత తేలిగ్గా వదలదు. ఆ చెమ్మ గోడ కిందుగా వచ్చి శ్లాబులోంచి పైకి ఊరింది. పాత శ్లాబు కింద పాలిథిన్ పొర లేదు. దాని మీద మేం లెవెలింగుకి కొత్త కాంక్రీటు పోసి, 28 రోజులు కాగానే ఫ్లోరు వేశాం.

ఆ 28 రోజుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంజనీర్లే అక్కడ పడతారు. 28 రోజులు కాంక్రీటు బలానికి లెక్క, ఆరడానికి కాదు. పైవైపు నుంచి మాత్రమే ఆరే కాంక్రీటుకి అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని మోటు లెక్క. నాలుగంగుళాలంటే నాలుగు నెలలు, అదీ గాలి పొడిగా ఉంటేనే. వానాకాలంలో కోస్తాలో ఆ లెక్క కూడా నమ్మకండి.

చూడాల్సింది ఇదీ, ఒక రోజు పని

మందపాటి పాలిథిన్ కవరు అడుగున్నర చదరపు ముక్కలు కోయండి. శ్లాబు ఊడ్చి, హాల్లో ఐదారు చోట్ల, ముఖ్యంగా గోడల పక్క, నాలుగంచులూ గాలి చొరకుండా టేపు వేసి అతికించండి. కనీసం 16 గంటలు ఉంచాలి. నేను పూర్తి రోజు ఉంచుతాను. తీసి చూస్తే కవరు అడుగున నీటి చుక్కలున్నా, శ్లాబు అక్కడ ముదురు రంగుకి మారినా ఫ్లోరు వేయకండి. కవరు పొడిగా ఉంటే పాస్ అయినట్టు కాదు, రెండో పరీక్షకి వెళ్లమని మాత్రమే. శ్లాబు మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి తేమ కొలిచే ప్రోబ్ పెడతారు. మామూలుగా అతికించే చెక్కకి 75, దుంగల మీద కూర్చోబెట్టే ఫ్లోరుకి 85 శాతం సాపేక్ష ఆర్ద్రత దాటకూడదంటారు. మీ ఫ్లోరు తయారుచేసిన కంపెనీ కాగితంలో ఎంత ఉంటే అదే పట్టుకోండి.

ఇంకోటి, మేస్త్రీ దగ్గర నీళ్ల పైపు లెవెల్ ఉంటుంది. ఒక కొస లోపల శ్లాబు మీద, ఇంకో కొస బయట నేల మీద పట్టండి. పది నిమిషాల పని. బయటి నేల లోపలికంటే కనీసం అరడుగు పల్లంగా లేకపోతే ఫ్లోరు మాట తర్వాత, ముందు బయట తవ్వండి. లక్షల రూపాయల చెక్క తెప్పించి ఈ పది నిమిషాలు మిగుల్చుకునే వాళ్లని చూస్తే నాకు టెన్షన్ కంటే విసుగే ఎక్కువ.

ఇప్పటికే లేచిపోతే

గీకించకండి. ఎవరు చెప్పినా, ఛాన్సలర్ గారు వచ్చేవారం వస్తున్నారన్నా గీకించకండి. దానిమీద సింథటిక్ మ్యాట్ పరిచి కప్పేయడం ఇంకా అన్యాయం, చెమ్మకి మూత పెట్టినట్టవుతుంది.

ముందు నీటి దారి ఆపండి. బాట గోడకి ఆనుకుని ఉంటే మీటరు వెడల్పు పెకలించి, నేల దించి, బయటికి వాలు పెట్టి, కాలువ కలపండి. పూలమడి ఎత్తేయండి. పలక అడుగున, పైన తేమ మీటరుతో నెలకోసారి కొలిచి రాసుకోండి. రెండూ దగ్గరయ్యేదాకా, అంటే దాదాపు ఒక ఎండాకాలం, ఆగాలి. కొన్ని పలకలు వాటంతటవే సర్దుకుంటాయి. మిగిలినవాటి సంగతి అప్పుడు చూద్దాం.

అడుగు బూజు పట్టినా, చెక్క ఉబ్బడానికి గోడ పక్క వదిలిన ఖాళీ మూసుకుపోయి ఫ్లోరు మధ్యలో పొంగినా ఊడదీయక తప్పదు. అప్పుడు శ్లాబు మీద తేమ ఆపే ఎపాక్సీ పూత, దానిమీద పాలిథిన్ పొర, అతుకుల దగ్గర అరడుగు ఒకదాని మీదొకటి, గోడకి కాస్త పైకి మడత. గోడల చుట్టూ రెండంగుళాల ఖాళీ. కొత్త చెక్కని లారీ దిగిన రోజే వేయకుండా, అదే హాల్లో విప్పి పెట్టి అక్కడి గాలికి అలవాటు పడనివ్వండి.

ఇక్కడే దాతల సంగతి వస్తుంది. ఫ్లోరుకి, స్కోరు బోర్డుకి, గ్యాలరీ కుర్చీలకి డబ్బులు పడతాయి, వాటి మీద పేరు రాయొచ్చు కాబట్టి. కాలువకి, ఎపాక్సీకి, కవరుకి ఎవరూ ఇవ్వరు. "మా బ్యాచ్ పేరు పాలిథిన్ మీద రాస్తారేంట్రా" అని ఒకాయన నన్ను పట్టుకుని నవ్వాడు. అందుకే వాటిని విడిగా అడగడం మానేశాను. ఫ్లోరు అంటే నేల మట్టం నుంచి పాలిష్ దాకా ఒకే పద్దు, ఒకే మొత్తం. దాత ఇచ్చేది ఆ మొత్తానికే. ఆ మొత్తం రాకపోతే సిమెంటు గచ్చు మీదే ఆడుకుందాం, నష్టం లేదు.

డబ్బున్న చోట ఇలాంటివి జరగవనుకోకండి. లాస్ ఏంజెలెస్ యూసీఎల్ఏ యూనివర్సిటీ వాళ్ల ఇండోర్ స్టేడియం పాలీ పెవిలియన్ 1965లో తెరిచారు. కట్టిన ఖర్చులో దాదాపు ఐదో వంతు ఇచ్చిన దాత పేరే దానికుంది. పెద్ద ఎత్తున బాగుచేసి 2012లో మళ్లీ తెరిచారు. 2014 జూలైలో పక్కన సన్‌సెట్ బులెవార్డ్ కింద 1921 నాటి నీటి గొట్టం పగిలి, కొత్త ఫ్లోరు నీళ్లలో మునిగింది. దాన్ని తీసేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. గొట్టం పగలడం అరుదే. కానీ మీ క్యాంపస్‌లో కూడా స్టేడియం చుట్టూ ఏ పాత గొట్టం ఎక్కడుందో పనికి ముందే గీయించుకోండి.

లక్షణం: ఫ్లోరు ఒకే చోట, గుండ్రంగా పాడైంది

అది నిజంగానే రేకుల నుంచి. పాలిష్ తెల్లబారి మచ్చ కనిపిస్తుంది, సరిగ్గా దానిపైన స్క్రూ ఉంటుంది. స్క్రూ కింది రబ్బరు వాషరు ఎండకి చీలిపోతుంది. వాషర్లు మార్చండి, గట్టర్లో వేపాకులు, పావురాల గూళ్లు తీయించండి. సముద్రం దగ్గరి ఊళ్లలో మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ అడగండి. మొత్తం రేకులు మార్చాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వస్తుంది.

హాలంతా సమానంగా అంచులు లేచి ఉంటే, కవరు పరీక్షతో పాటు ఆయమ్మని కూడా అడగండి ఎలా తుడుస్తోందని. బకెట్లతో నీళ్లు గుమ్మరించి కడిగే చోట్లు నాకు మూడు తెలుసు. ఆమె తప్పు కాదు, పొడి మాపు కొనివ్వని వాళ్లది.

లక్షణం: షటిల్ కనబడటం లేదు, పక్కకి పోతోంది

లైట్లు కోర్టు పైన పెట్టారు. పక్కలకి మార్చండి. గాలికి పోతుంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి ఆడి చూడండి. అంతే.

అరుదైనవి

పునాది కుంగడం, చెక్క రకమే నకిలీ కావడం. ఎక్కడో ఒకచోట ఉంటాయి, మీ దగ్గర కాకపోవచ్చు. చెద మాత్రం ఊడదీసినప్పుడు ఎలాగూ కనబడుతుంది, మందు కొట్టించి ముందుకెళ్లండి.

వీటిలో దేనికైనా నాకు ఫోన్ చేయాలనుకుంటే, ఒక పలక ఊడదీసి ఆ శ్లాబు మీద కవరు ముక్క అతికించండి. మర్నాడు పొద్దున దాని అడుగు ఫొటో పంపండి. ఫోన్ ఆ తర్వాత.