విశాఖలో చదువుకునే విద్యార్థులు తీసుకోవలసిన భద్రతా జాగ్రత్తలు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి మద్దిలపాలెం, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ ప్రాంతాల్లో గది వెతుక్కునే విద్యార్థి, ఇంటిని స్వయంగా చూసి యజమానితో మాట్లాడే వరకు ఎవరికీ అడ్వాన్సు పంపకూడదు. ఫొటోలు పంపి, ‘ఇంకొకరు అడుగుతున్నారు, వెంటనే టోకెన్ వేయండి’ అని తొందరపెట్టేవారిని అనుమానించడమే మేలు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు కనుక, నొక్కమన్నారంటే అది మోసమే. ఖాతాలోంచి సొమ్ము పోతే ఆ క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఆ సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కే తోపులాటలో ఫోను వెనుక జేబులో ఉంచుకోరాదు. కొన్ననాడే *#06# నొక్కి, తెరపై కనిపించే 15 అంకెల ఐఎంఈఐ (ఫోనును గుర్తించే ప్రత్యేక) సంఖ్యను పుస్తకంలో రాసుకోవాలి (దాన్ని ఆ ఫోనులోనే దాచుకునేవారూ లేకపోలేదు). ఫోను పోతే ముందుగా సిమ్మును, యూపీఐ సేవలను ఆపించి, పోలీసులకు ఫిర్యాదు చేసి, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకుని, ఫిర్యాదు ప్రతితో, పోయిన ఫోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో నమోదు చేస్తే, ఆ ఫోను దేశంలోని నెట్‌వర్కులపై పనిచేయకుండా అడ్డుకోవచ్చు.

రాత్రివేళ బీచ్ రోడ్డు నుంచి ఒంటరిగా తిరిగివచ్చేటప్పుడు ఆటో నంబరును స్నేహితులకు పంపి, లొకేషన్ షేర్ చేయాలి. ఆపదలో 112, మహిళలకు 181, ర్యాగింగ్‌పై 1800-180-5522 అందుబాటులో ఉన్నాయి. ‘ఇది మా పరిధి కాదు’ అని స్టేషన్‌లో అంటే, జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఫిర్యాదు) నమోదు చేయమని మర్యాదగానే, కానీ గట్టిగా కోరాలి.