మాటలు లేని ఆల్బమ్‌ను వినడం ఎలా? క్రుంగ్‌బిన్ తొలి రికార్డుతో ఒక సాధన

మనకు పాట అంటే ముందుగా సాహిత్యమే. వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తున్నప్పుడు కూడా, అది తెలిసిన శ్రోత మనసులో మాటలు వాటంతట అవే పలుకుతూ ఉంటాయి. అందువల్ల సాహిత్యం దాదాపుగా లేని రచనలు వరుసగా వినవలసి వస్తే, పట్టుకోవడానికి కొస దొరకక, రెండోది ముగిసేలోపే మన పనిలో మనం పడిపోతాం. అలా జారిపోకుండా వినడం నేర్చుకోవడానికి, అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన క్రుంగ్‌బిన్ బృందం 2015లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘ది యూనివర్స్ స్మైల్స్ అపాన్ యూ’ ఎంతో అనువైనది. ఇందులో ఉన్నవి 10 రచనలే. మొత్తం నిడివి ముప్పావు గంట దాటదు. వినిపించేవి ప్రధానంగా మూడు వాద్యాలు: లారా లీ బేస్ గిటార్, డొనాల్డ్ జాన్సన్ డ్రమ్స్, మార్క్ స్పియర్ గిటార్.

మొదట హెడ్‌ఫోన్స్ గానీ మంచి స్పీకర్లు గానీ సిద్ధం చేసుకోండి. ఫోన్ స్పీకర్‌లో మంద్రస్థాయి సరిగా పలకదు కాబట్టి, ఈ ఆల్బమ్‌కు ప్రాణమైన బేస్ సగానికి సగం వినపడకుండా పోతుంది. షఫుల్ ఆపి, వరుస మార్చకుండా వినండి.

రెండో మెట్టు అన్నిటికంటే ముఖ్యమైనది కనుక దానికి తొందరపడవద్దు. మొదటి రచన ‘మిస్టర్ వైట్’ పెట్టి, గిటార్ ఎంత ఆకర్షించినా పట్టించుకోకుండా, బేస్ ఒక్కదాన్నే చివరిదాకా అనుసరించండి. అది కొద్దిపాటి స్వరాలనే మళ్లీ మళ్లీ పలుకుతూ, మధ్యలో కాసేపు మౌనంగా ఉండి, తిరిగి అందుకుంటుంది. ఆ వరుసను మీరే కూనిరాగంగా తీయగలిగేదాకా రెండు మూడు సార్లు వినండి. సాహిత్యం లేని చోట మనం వెతికే పల్లవి నిజానికి అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ తరువాత డ్రమ్స్ మీదికి రండి. తనియావర్తనానికి, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా విజృంభించే ఘట్టానికి, అలవాటుపడిన మన చెవి ఇక్కడ కూడా విన్యాసం కోసం ఎదురుచూస్తుంది, కానీ జాన్సన్ దాదాపు ఎక్కడా ఆ పని చేయడు. ఆయన, స్పియర్ హ్యూస్టన్‌లోని ఒక చర్చి బృందంలో కలిసి వాయించినవారు. పాడేవారికి చోటు వదిలి వాయించే క్రమశిక్షణ అక్కడే అలవడి ఉంటుందని నాకనిపిస్తుంది. దరువు మారనందువల్లనే పైనున్న గిటార్‌కు అంత స్వేచ్ఛ దొరికింది.

ఇప్పుడు గిటార్ వినండి. గాయకుడు ఉండవలసిన స్థానంలో అదే ఉంది: చిన్న చిన్న వాక్యాలు పలుకుతుంది, ఊపిరి తీసుకున్నట్టు ఆగుతుంది, అదే వాక్యాన్ని చిన్న మార్పుతో తిరిగి అంటుంది. 1960లు, 70లలో థాయిలాండ్‌లో వచ్చిన ఫంక్ (బేస్, దరువు ప్రధానంగా సాగే సంగీతం) పాటలను ఈ ముగ్గురూ ఇష్టంగా వినేవారు, బృందం పేరుకు కూడా థాయ్ భాషలో విమానం అని అర్థం. ఈ ఆల్బమ్‌లోని ‘డెర్న్ కాలా’లో స్వరాలు కదిలే తీరును గమనిస్తే ఆ ప్రభావం చెవికి తెలుస్తుంది.

అయిదో రచన ‘వైట్ గ్లవ్స్’లో గొంతులు వినిపిస్తాయి. వెంటనే సాహిత్యం కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. ఆ గొంతు వాద్యాల మీద పెత్తనం చేయకుండా వాటి మధ్యనే మెత్తగా కలిసిపోతుంది కాబట్టి, దాన్ని నాలుగో వాద్యంగా భావించి, మాటల కంటే స్వరాన్ని ఎక్కువగా పట్టించుకోండి. ఇలా విన్నాక తరువాతి రచనలో గొంతులు మళ్లీ వచ్చినప్పుడు మీ ధ్యాస వాద్యాలను వదిలిపోదు.

ఆఖరి మెట్టుకు ఒకరోజు వ్యవధి ఇవ్వండి. ఈ ఆల్బమ్‌ను టెక్సస్‌లోని బర్టన్ అనే చిన్న ఊళ్లో, పొలాల నడుమ ఉన్న ఒక కొట్టంలో రికార్డు చేశారు. మరునాడు రాత్రి, చుట్టూ సద్దుమణిగాక, ఏ వాద్యాన్నీ విడదీయకుండా ‘జయన్స్‌విల్’ అనే చివరి రచన వరకు ఒకే బిగిన వినండి.