అమెరికా ఫారాల్లో 'జాతి' గడిని ఎలా పూరించాలి

అమెరికాలో స్థిరపడినవారికి బడి దరఖాస్తులోనూ ఉద్యోగ దరఖాస్తులోనూ జనగణన పత్రంలోనూ 'మీ జాతి ఏది' అన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. పెన్ను పట్టుకునే ముందు మూడు సంగతులను విడివిడిగా ఆలోచించుకోవాలి: మన పూర్వీకులు ఎక్కడివారు, ఎదుటివారు మనల్ని చూడగానే ఎవరనుకుంటారు, మనల్ని మనం ఎవరమనుకుంటాం. ఈ మూడింటికీ జవాబు ఒకటే కానక్కర్లేదు. పౌరసత్వం వేరే ప్రశ్న. పాస్‌పోర్టు మారినంత మాత్రాన ఈ గడిలో జవాబు మారదు.

ఆ గడులు ప్రకృతి గీసినవి కావని కూడా గుర్తుంచుకోవాలి. భారతీయుల విషయమే చూడండి. 1923లో, అమెరికా పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ కేసులో, ఆనాటి శాస్త్రవేత్తల వర్గీకరణ ఎలా ఉన్నా సామాన్యుడి దృష్టిలో భారతీయులు 'తెల్లవారు' కారని సుప్రీంకోర్టు తేల్చి, పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. 1930, 1940 జనగణనల్లో 'హిందూ' అన్నది మతం కాదు, జాతి పేరు. సిక్కులైనా ముస్లిములైనా ఆ పద్దులోకే వెళ్లారు. 1970లో భారతీయులను తెల్లవారి కింద లెక్కించారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అనే ప్రత్యేకమైన గడి వచ్చింది. ఒకే ఇంట్లో కదలకుండా కూర్చున్న మనిషికి ప్రభుత్వం ఇన్నిసార్లు జాతి మార్చిందన్నమాట!

అలాగని గడిని ఖాళీగా వదిలేయడాన్ని నేను సమర్థించను. జాతి జీవశాస్త్రంలో బలహీనమైన విభజనే కావచ్చు గానీ, ఇల్లు అద్దెకివ్వడంలోనో ఉద్యోగమివ్వడంలోనో జరిగే వివక్ష మాత్రం నిజమైనది, దాన్ని లెక్కలు లేకుండా నిరూపించడం చాలా కష్టం. ఉద్యోగ దరఖాస్తులో ఈ ప్రశ్నకు జవాబివ్వడం సాధారణంగా ఐచ్ఛికమే; జనగణనలో చట్టప్రకారం తప్పనిసరి.

తల్లిదండ్రులు వేర్వేరు జాతులవారైతే, వర్తించే గడులన్నిటిలోనూ టిక్కు పెట్టండి. 2000 జనగణన నుంచి ఒకటికంటే ఎక్కువ ఎంచుకునే వీలుంది. ఒక్కటే ఎంచుకుని రెండో వైపువారిని లేనట్టు చేయనవసరం లేదు. బడి ఫారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులు జవాబివ్వకపోతే, సిబ్బంది పిల్లవాణ్ణి చూసి తమకు తోచిన గడి నింపాలని కేంద్ర విద్యాశాఖ 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరో రంగు చూసి తేల్చేకంటే మీరే రాయడం మేలు.

పిల్లలకు కాస్త ఊహ తెలిసాక ఆ ఫారాన్ని వాళ్ల ముందే పూరించి, ఏ గడి ఎందుకు ఎంచారో చెప్పండి. తరువాత వాళ్లు వేరే జవాబు రాసుకోవాలనుకుంటే, కారణం అడిగి విని, వాళ్ల ఇష్టానికే వదిలేయండి.