పీసీఓఎస్ ఉంటే 14వ రోజు లెక్క పనికిరాదు

గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు అండం 14వ రోజున విడుదలవుతుందని లెక్కేసుకుంటారు. కానీ పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉండి నెలసరి 40 రోజులకు వచ్చేవాళ్లకు అండం విడుదలయ్యేది దాదాపు 26వ రోజున. ఓవ్యులేషన్ స్ట్రిప్పులనూ (అండం విడుదలయ్యే రోజును మూత్రపరీక్షతో పసిగట్టేవి) పూర్తిగా నమ్మొద్దు. ఎల్‌హెచ్ (స్ట్రిప్పు పట్టుకునే హార్మోన్) ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లకు రోజుల తరబడి రెండో గీత ముదురుగానే కనబడుతుంది. ఆ గీత చూసి ఒకట్రెండు రోజులు కలిసి, మిగతా నెలంతా ఊరుకుంటారు, అసలు రోజు జారిపోతుంది. రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే ఈ లెక్కల గోలే ఉండదు.

అండం విడుదలయ్యేందుకు డాక్టర్ లెట్రోజోల్ మాత్రలు రాస్తే మామూలుగా 2.5 మిల్లీగ్రాములతో మొదలు, నెలసరి 2 లేదా 3వ రోజు నుంచి ఐదు రోజులు. తర్వాత ఫాలికల్ (అండం పెరిగే తిత్తి) స్కాన్లు. ఆ తిత్తి 18 మిల్లీమీటర్లు దాటితే పక్వానికి వచ్చినట్టే.

అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష అందరికీ 21వ రోజున కాదు, రాబోయే నెలసరికి వారం ముందు చేయించాలి. తొందరపడి చేయిస్తే అండం రాలేదనే రిపోర్టు వస్తుంది.

ఫోలిక్ ఆసిడ్, రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు, ఇప్పుడే మొదలుపెట్టండి.